రెండో మంచం కబురు

ఆరాకు ఇంట్లో పెట్టిన పేరు వేరే ఉంది గానీ, దానితో మనకు పని లేదు. బోర్డింగు స్కూల్లో చేరి వారం తిరక్కముందే తోటి పిల్లలు ఆ పేరును మూలన పడేసి ఈ పేరు తగిలించారు. ఊరికే తగిలించలేదు. వంటమనిషి చేతికి కట్టెందుకుంది, వార్డెనమ్మకు ఆదివారం ఫోన్ చేసేదెవరు, మెట్ల కింది గదికి తాళమెందుకు, ఇవన్నీ ఆరా తీయందే ఆ పిల్లకు అన్నం సహించేది కాదు. తాళం వేసిన గదిలో విరిగిన కుర్చీలు తప్ప ఇంకేమీ లేవని తెలిశాక కూడా, ఆ కుర్చీలు విరగ్గొట్టిందెవరని అడిగిన ఘనురాలు.

ఇప్పుడామెకు యాభై దాటాయి. ఓ వీధి మలుపులో కళ్ళద్దాల షాపు ఉంది. ముందు గదిలో కూతురు వచ్చినవాళ్ళ కళ్ళు పరీక్ష చేస్తుంది. వెనక గదిలో ఆరా ముక్కాలిపీట మీద కూర్చుని, మిషను రాయి మీద లెన్సులు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తుంది. నీళ్ళు చిమ్ముతూ రాయి తిరుగుతుంటుంది, ముంజేతుల దాకా తెల్లటి పొడి పేరుకుంటుంది. రెండు గదులకూ మధ్య గోడలో చిన్న కిటికీ ఉంది. అది ఫ్రేములు అందించుకోవడానికి పెట్టించింది. ఆరా దాన్ని దేనికి వాడుకుంటుందో వేరే చెప్పాలా? వచ్చిన ప్రతి మనిషినీ అందులోంచి ఒకసారి తనివితీరా చూసుకుంటుంది.

"ఈయన ఎడమవైపు తిరిగి పడుకుని పేపరు చదువుతాడే. కావాలంటే అడుగు," అంటుంది ఎడమ కాడ వంగిన కళ్ళజోడు చేతిలో తిప్పుతూ.

"అమ్మా, నువ్వు అద్దాలు చేస్తున్నావా, డిటెక్టివ్ పనా?" అంటుంది కూతురు. అని ఊరుకోదు, వెళ్ళి ఆయన్ని అడుగుతుంది కూడా. తల్లి బుద్ధి ఎక్కడికి పోతుంది!

ఇక ఆ స్కూలు పిల్లల సంగతి. పిల్లలంటే ఇప్పుడు అందరూ నెరిసిన జుట్టువాళ్ళే. హాస్టల్లో వాళ్ళది ఒకటే పొడుగాటి గది. తలుపు దగ్గర మొదలై కిటికీ దాకా వరసగా ఇనప మంచాలుండేవి. మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ ఓ గంటసేపు నోరు మూసుకుని పడుకోవాలని నియమం. వార్డెనమ్మ గుమ్మంలో కుర్చీ వేసుకుని కాపలా కాసేది. అంతమంది ఆడపిల్లలు గంటసేపు మాట్లాడకుండా ఉండటం జరిగే పనేనా? అందుకే మంచం నుంచి మంచానికి గుసగుసగా కబురు నడిచేది. మొదటి మంచం పిల్ల రెండో మంచానికి, రెండో మంచం మూడో మంచానికి చెప్పుకుంటూ పోతే కబురు కిటికీ దాకా వెళ్ళి, దారిలో కాస్త ఒళ్ళు చేసి, మళ్ళీ తలుపు దగ్గరికి తిరిగొచ్చేది. మంచం దాటించి మాట్లాడితే గొంతు పెంచాలి. గొంతు పెంచితే అందరూ దొరికిపోతారు. కాబట్టి మంచం దాటకూడదన్నది వాళ్ళు పెట్టుకున్న చట్టం.

చదువైపోయి తలోదిక్కుకూ వెళ్ళినా ఆ చట్టం పోలేదు. నెలకో ఆదివారం మధ్యాహ్నం, సరిగ్గా ఆ నిద్ర వేళకే, మొదటి మంచం రెండో మంచానికి ఫోన్ చేస్తుంది. అది మూడో దానికి చేస్తుంది. ఎవరి దగ్గరైనా పక్క మంచాల నంబర్లు తప్ప ఇంకోటి ఉండదు. అందరికీ స్మార్ట్‌ఫోన్లు వచ్చాక ఎవరో ఒక్కో మంచాన్నే చేర్చుకుంటూ గ్రూపు పెట్టారు. అందులో రోజూ పొద్దున్నే పూల బొమ్మలూ, శుభోదయాలూ తప్ప ఒక్క పనికొచ్చే ముక్క లేకపోయింది. ఎవరికి ఆపరేషన్ అయింది, ఎవరి కొడుకు ఎవర్ని ప్రేమించాడు లాంటివన్నీ పూల బొమ్మల మధ్య చెప్పుకోలేరు కదా. గ్రూపు దానంతటదే పడుకుంది. మంచాల వరస మాత్రం నడుస్తూనే ఉంది.

ఆరాది మూడో మంచం. రెండో మంచం పిల్లను గంట అనేవాళ్ళు. హాస్టల్లో గంట కొట్టే పని తనదే. ఏ పని చెప్పినా చెప్పినట్టు చేస్తుందనే గంట తాడు తన చేతికిచ్చారు. ఇప్పుడు దూరంగా వేరే ఊళ్ళో బేకరీ నడుపుతోంది. తలుపు పక్కనున్న మొదటి మంచం పిచ్చుక. బక్కపలచగా, గెంతుతూ నడిచే పిల్ల. ఆరాకు ప్రాణం. క్లాసులో ఒకే బెంచీ, తిండి దగ్గర ఒకే పళ్ళెం, పడుకునేటప్పుడు మాత్రం మధ్యలో గంట.

పిచ్చుక పెళ్ళి చేసుకుని దూరం వెళ్ళాక ఆరా మళ్ళీ దాని గొంతు వినలేదు. గ్రూపులో కూడా అది చేరలేదు. అన్నీ గంట నోటి నుంచే. గంట ఫోన్ చేసి, "నాదేముందే, పొయ్యి, బ్రెడ్డు, అంతా మామూలే. పిచ్చుకేమందో విను," అని మొదలుపెట్టేది. ఆరా చేతిలోని లెన్సు పక్కన పెట్టి చెవులు రిక్కించేది. పిచ్చుక మొగుడు ఓడల్లో వంటవాడట. పిచ్చుక ఇంటి వెనక తేనెటీగలు పెంచుతోందట. కొడుకు డ్రమ్ములు వాయిస్తుంటే పక్కింటివాళ్ళు గోడ మీద బాదుతున్నారట. ఓసారి పాతవాళ్ళంతా కలుద్దామనుకుంటే, సరిగ్గా అప్పుడే ఈగలు పట్టు వదిలి లేచిపోయాయట, పిచ్చుక రాలేకపోయింది. ఆరా ఆ ఈగల మీద వారం రోజులు కోపంగా ఉంది.

ఆరా భర్త పోయినప్పుడు ఆమెకు ఎవరి మాటా ఎక్కలేదు. అప్పట్లో కళ్ళు పరీక్ష చేసేది ఆయనే, ఆ కుర్చీ ఖాళీగా ఉండేది. ఆరా వెనక గదిలోకి వెళ్ళేది, రాయి ముందు కూర్చునేది, మిషను వేయకుండానే లేచి వచ్చేసేది. బంధువులు వచ్చి ధైర్యంగా ఉండమన్నారు, ఆయన అదృష్టవంతుడన్నారు. అవి విని ఆరాకు ఒళ్ళు మండింది. ఆ నెల ఆదివారం గంట ఫోన్ చేసి, "పిచ్చుక నీకు చెప్పమంది," అంది. చెప్పింది ఇది: "ఏడుపొస్తే చేతిలో పని ఆపకు. ఆపితే అది నెత్తినెక్కి కూర్చుంటుంది. పని చేస్తూ ఉంటే పక్కన కూర్చుంటుంది. పక్కన కూర్చున్నదాంతో బతకొచ్చు."

మర్నాడే ఆరా మిషను వేసింది. ఏడుస్తూనే ఒక లెన్సు అరగదీసింది, అది పాడైంది. ఇంకోటి తీసింది. అలాగే ఆ ఏడాది గడిచింది. ఈ షాపు తలుపులు ఇవాళ తెరిచి ఉన్నాయంటే ఆ మాట వల్లేనని ఆమె నమ్మకం. అంత మాట చెప్పిన స్నేహితురాలు తనకుందని మనసులో కాస్త గర్వం కూడా.

అలాంటిది, మొన్నటి ఆదివారం కబుర్లలో గంట మామూలుగా అంది. "పిచ్చుకకి చత్వారం వచ్చిందటే. సూదిలో దారం ఎక్కట్లేదట."

"అయ్యో, నేనుండగా అది బయట కొనుక్కోవడమేంటి! అడ్రసు చెప్పు, నేనే చేసి పంపుతా."

"అక్కర్లేదులే, కొనేసుకుంది."

"పవరెంత?"

"ప్లస్ రెండో ఎంతో అంది. అద్దాలు పెట్టుకోగానే దారం ఎక్కేసిందట."

ఆరా చేతిలో ఫ్రేము ఆగిపోయింది. పిచ్చుక బ్లాక్‌బోర్డు కనపడక, ముందు బెంచీలో కూర్చుని కూడా మెడ చాపేది. పుస్తకం ముక్కుకి ఆనించి చదివేది. అలా దూరపువి ఆనని కళ్ళకు పెద్దయ్యాక దగ్గరివి చూడాలంటే, ఉన్న అద్దాలు తీసేస్తే చాలు. ప్లస్ రెండు పెడితే ముందున్న సూది కూడా మాయమవుతుంది.

"గంటా, పిచ్చుక నీతో ఎప్పుడు మాట్లాడింది?"

అవతల ట్రేలు సర్దుతున్న శబ్దం ఆగింది.

"నువ్వడిగితే నా దగ్గర అబద్ధం నిలవదే," అంది గంట చివరికి. "దాని నంబరు నా దగ్గర లేదు. చాలా ఏళ్ళుగా లేదు. చివరిసారి మాట్లాడినప్పుడు, పెద్ద బస్టాండులో పోయిన సామాన్ల గది ఉంటుంది చూడు, అందులో పనికి చేరానంది. ఇంకేమీ అడక్కు. వెళ్తే దాన్నే అడుగు." ఆ బస్టాండున్న ఊరి పేరు చెప్పి ఫోన్ పెట్టేసింది.

ఆరా ముక్కాలిపీట మీద అలాగే కూర్చుండిపోయింది. ఓడల వంటవాడు పోతే పోయాడు. తేనెటీగలూ డ్రమ్ములూ పోయినా ఫర్వాలేదు. మరి ఆ మాటో? దాన్ని కూడా గంట అల్లిందేనా? తను ఏడాది పొడుగునా పట్టుకుని వేలాడిన మాటను పిచ్చుక అసలు అననే లేదా?

"గంటాంటీకే మళ్ళీ ఫోన్ చేసి అడిగేయొచ్చు కదమ్మా," అంది కూతురు.

"అడిగితే చెప్పేస్తుందే. అదే భయం," అంది ఆరా.

ఏదైనా తెలుసుకోవాలంటే భయం వేయడం ఆమెకు పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు. అయినా ఆరా ఆరాయే. రెండు రోజులు భయపడింది, మూడో రోజు బస్సెక్కింది.

పెద్ద బస్టాండులో అడగ్గా అడగ్గా, టికెట్ల కిటికీల వెనక సన్నటి నడవా చివర ఆ గది దొరికింది. అడ్డంగా చెక్క బల్ల ఉంది. బల్ల వెనక నేల నుంచి పైకప్పు దాకా అరలు. వాటి నిండా గొడుగులు, అన్నం డబ్బాలు, ఒంటి చెప్పులు, ఓ చంటిపిల్ల ఉయ్యాల, ఓ తబలా, పళ్ళ సెట్టు ఒకటి. పళ్ళ సెట్టు పోగొట్టుకున్న మనిషి దిగేదాకా అది లేదని గమనించకుండా ఎలా ఉన్నాడో! ఆరా వచ్చిన పని కూడా ఒక్క క్షణం మరిచిపోయింది.

బల్ల వెనక బక్కపలచటి మనిషి వీపు ఇటు పెట్టి నిలబడింది. దళసరి కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని, ఓ సంచీకి కట్టిన చీటీని ముక్కు దగ్గర పెట్టుకుని చదువుతోంది. ఆరాకు ఇంకెవర్నీ అడగాల్సిన పని లేకపోయింది.

"ఏం పోయిందండీ?" అంది ఆ మనిషి తిరగకుండానే.

ఆరా బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

"గొడుగా? సంచీనా? రంగు చెప్పండి, చూస్తాను."

"పిచ్చుకా," అంది ఆరా.

ఆ మనిషి చేతిలో చీటీ వదిలేసింది. నుదుటి మీది అద్దాలు కళ్ళ మీదికి లాక్కుని తిరిగి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత బల్ల చెక్క పైకెత్తి ఇవతలికి వచ్చి, ఆరా చేతులు రెండూ పట్టుకుని, "ఇంత లావెక్కావేంటే!" అంటూ బావురుమంది.

ఏడుపులయ్యాక, టీలు వచ్చాక, ఇద్దరూ ఎవరో మరిచిపోయిన ఇనప పెట్టెల మీద కూర్చున్నారు. పిచ్చుక తన కథ క్లుప్తంగా చెప్పేసింది. పెళ్ళయిన కొన్నాళ్ళకే మొగుడు వేరే కాపురం పెట్టుకున్నాడు. పిల్లల్లేరు. అన్నయ్య పంచన చేరింది, అక్కడ వదినతో పొసగక ఈ పనిలో చేరింది.

"అప్పుడు గంట ఫోన్ చేసింది. నెలనెలా అందరి దగ్గర్నుంచీ అన్నీ మంచి కబుర్లే వస్తున్నాయి. ఒకామెకి కవలలు, ఇంకొకామె ఇల్లు కట్టింది. నా దగ్గర ఏముందే చెప్పడానికి? నా గురించి ఏదో ఒకటి చెప్పెయ్యవే అన్నాను గంటతో. ఆ తర్వాత నంబరు మార్చేశాను."

"అది నువ్వు చెప్పినట్టే చేసింది," అంది ఆరా. "ఇన్నేళ్ళూ చెబుతూనే ఉంది."

"ఏం చెప్పింది?" పిచ్చుక కళ్ళు పెద్దవయ్యాయి. "ఏం చేశానట నేను?"

ఆరా చెప్పింది. ఓడల వంటవాడి దగ్గర పిచ్చుక పెదవి విరిచింది. "సముద్రం మీద తిరిగేవాడైతే ఫర్వాలేదు, ఇంట్లో గొడవుండదు," అని ఒప్పుకుంది. తేనెటీగలనగానే పెట్టె మీంచి లేచి నిలబడింది. "నాకు తేనెటీగలున్నాయా! కుట్టాయా? ఎక్కడ పెట్టానట?" డ్రమ్ముల కొడుకు మాట వచ్చేసరికి మళ్ళీ పెట్టె మీద కూర్చుంది. "బాగా వాయించేవాడా?" అని అడిగింది. పక్కింటివాళ్ళు గోడ బాదేవాళ్ళట అని ఆరా చెప్పింది. "వాళ్ళకేం తెలుసులే," అంది పిచ్చుక కళ్ళు తుడుచుకుంటూ.

ఇక ఆగలేక ఆరా అసలు సంగతి ఎత్తింది. "మా ఆయన పోయినప్పుడు నువ్వు నాకో మాట పంపావు."

పిచ్చుక చేతిలో గ్లాసు కింద పెట్టేసింది. "మీ ఆయన పోయారా? ఎప్పుడే?"

ఆరాకు జవాబు దొరికిపోయింది. అయినా ఆ మాట చివరిదాకా చెప్పింది. పని ఆపొద్దన్నదీ, పక్కన కూర్చున్నదాంతో బతకొచ్చన్నదీ చెప్పింది. పిచ్చుక మొదటిసారి వింటున్న మనిషిలాగే వింది.

"అది నాది కాదే," అంది మెల్లగా. "నీ దగ్గర నాదని చెప్పుకోవాలనే ఉంది గానీ, నాది కాదు. మొగుడు వెళ్ళిపోయినప్పుడు నేను ఆర్నెల్లు మంచం దిగలేదు. చేతిలో పని పెట్టుకుని ఏడవొచ్చని నాకు తెలీనే తెలీదు. ఇది ఏడుస్తూ పని చేసినవాళ్ళు చెప్పే మాట."

బయట ఏదో బస్సు బయల్దేరుతోందని మైకులో అరుస్తున్నారు. ఆరాకు అదేమీ వినపడలేదు. పొయ్యి, బ్రెడ్డు, మామూలే. ప్లస్ రెండు. పిచ్చుకకు చత్వారం లేదు. మరి సూదిలో దారం ఎవరికి ఎక్కలేదు? ప్రపంచంలో అందరి గుట్టూ లాగిన తను, నెలనెలా పక్క మంచం నుంచి వినపడిన 'మామూలే' దగ్గర ఒక్కసారైనా ఆగిందా? దాన్ని దాటుకుని పిచ్చుక దగ్గరికి పరిగెత్తింది, అంతే. ఆమెకు తన మీద తనకే సిగ్గేసింది.

అక్కడే ఫోన్ తీసింది. అది ఆదివారమూ కాదు, కబుర్ల వేళా కాదు. గంట వెంటనే ఎత్తింది.

"కనపడిందా?" అంది ఆదుర్దాగా. "ఎలా ఉందే పిచ్చుక? తింటోందా? కోప్పడిందా నా మీద?"

"పిచ్చుక సంగతి తర్వాత. నీ కబురు చెప్పు."

"నాదేముందే, మామూ..."

"మామూలొద్దు. పని ఆపొద్దన్న ఆ మాట నీకెక్కడిది?"

బేకరీలో ఎవరో సరుకు అడుగుతున్నారు. "కాసేపాగండి," అని గంట వాళ్ళతో అనడం వినపడింది. తలుపు వేసిన చప్పుడయింది.

"నాకు నేను చెప్పుకున్నదే. పిండి కలుపుతూ చెప్పుకునేదాన్ని. మా ఆయన పోయింది మీ ఆయన కంటే ముందేడాది."

"ఏడాది ముందా? ప్రతి నెలా మాట్లాడావు కదే నాతో! ఒక్క ముక్క చెప్పలేదేంటే?"

"చెబుదామనే ఫోన్ చేశానే, ఆయన పోయాక వచ్చిన ఆదివారం." గంట గొంతులో నిష్ఠూరం లేదు. అదే ఆరాను మరీ కోసింది. "నాదేముంది అని ఎప్పట్లాగే మొదలుపెట్టాను. ఏమైందని అడుగుతావేమో, అడిగితే చెబుదామని ఆగాను. పిచ్చుకెలా ఉందని అడిగావు. సరే, పిచ్చుక గురించే చెప్పాను. పోనీలే, నా మాట పిచ్చుకది అనుకున్నావు కాబట్టే విన్నావు. నేనని చెబితే వినేదానివి కాదు."

వినేదాన్నని ఆరా అనబోయింది. అబద్ధం అవుతుందని ఊరుకుంది. కళ్ళ నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చేయి రాలేదు. పక్కనే చెవి ఆనించి వింటున్న పిచ్చుక ఆమె చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

ఇన్నేళ్ళ తర్వాత పిచ్చుక గంటతో మాట్లాడిన మొదటి మాటలు ఇవి: "గంటా, ఇవాళ పొయ్యి ఆర్పకు. మేమిద్దరం వస్తున్నాం. మేం వచ్చి కూర్చున్నాక మొదట్నుంచీ చెప్పు. ఒక్క ముక్క వదలొద్దు."

అవతల గంట ఏడుస్తోంది. ఏడుస్తూనే, ఏ బస్సు ఎక్కాలో, ఎక్కడ దిగాలో చెప్పుకుపోతోంది.